మొలతాడు బిళ్ళ కనిపించిన ఎక్స్‌రే: ఆరోగ్య పథకం క్లెయిముల తనిఖీలో ఒక కేసు

ముందుగా ఒక మాట. ఈ కేసులోని ఆసుపత్రి పేరు, ఊరు, జిల్లా, సంవత్సరం ఇక్కడ ఇవ్వడం లేదు. క్లెయిముల మొత్తం సంఖ్య, సొమ్ము కూడా చెప్పడం లేదు; ఆ రెండూ తెలిస్తే ఈ రంగంలో ఉన్నవారు ఆసుపత్రిని ఇట్టే పోల్చుకుంటారు. రోగుల వివరాలు గుర్తుపట్టే వీలు లేకుండా మార్చాను. నేను శస్త్రచికిత్సలో శిక్షణ పొందిన వైద్యుడిని. కొన్నేళ్లు ఆపరేషన్ థియేటర్‌లో గడిపి, ఆ తరువాత పేదల వైద్యానికి ప్రభుత్వం డబ్బు చెల్లించే పథకంలో క్లెయిములు పరిశీలించే పనికి వచ్చాను. ఈ కేసులో ఆసుపత్రి చేసిన మోసం ఎంత ఉందో, దాన్ని పట్టుకోవడంలో నేను చేసిన పొరపాట్లూ అంతే ఉన్నాయి. ఆ రెండోదాని కోసమే ఇది రాస్తున్నాను.

నేపథ్యం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, మరుసటి ఏడాదికి రాష్ట్రమంతటికీ విస్తరించింది. విభజన తరువాత రెండు రాష్ట్రాలూ పేర్లు, పరిమితులు మార్చుకున్నాయి గానీ లోపలి నడక ఇంచుమించు ఒకటే. రోగి పథకంతో ఒప్పందం ఉన్న నెట్‌వర్క్ ఆసుపత్రికి వస్తే అక్కడి హెల్ప్ డెస్క్‌లో పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్ర వివరాలు నమోదు చేస్తారు. పరీక్షల నివేదికలతో ఆసుపత్రి ముందస్తు అనుమతి కోరుతుంది, ప్యానెల్ వైద్యుడు చూసి ఆమోదిస్తారు, చికిత్స జరిగాక కేస్‌షీటు, ఎక్స్‌రేలు, డిశ్చార్జి ఫొటో జతచేసి క్లెయిము పంపుతారు. ఏ చికిత్సకు ఎంత అన్నది ప్యాకేజీగా ముందే ఖాయమై ఉంటుంది.

ధర ముందే ఖాయమైనప్పుడు మోసం బిల్లు పెంచడంలో ఉండదు. అవసరం లేని చికిత్స చేయడంలోనో, చిన్నది చేసి పెద్దది రాయడంలోనో, అసలు చేయకుండానే చేసినట్టు చూపడంలోనో ఉంటుంది. మొదటి రకం తెలుగువారికి కొత్త కాదు. పథకం మొదలైన కొన్నేళ్లకే అవసరం లేకుండా గర్భసంచులు తీసేస్తున్నారని గగ్గోలు పుట్టి, ఆ ఆపరేషన్‌ను ప్రైవేటు ఆసుపత్రుల నుంచి తప్పించి ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. మూడో రకం దేశం మొత్తం మీద ఏ తీరుగా ఉంటుందో 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ (ప్రభుత్వ ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే సంస్థ) నివేదిక చూపింది. 2018లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆయుష్మాన్ భారత్ డేటాలో దాదాపు 7.5 లక్షల మంది లబ్ధిదారులు 9999999999 అనే ఒకే ఫోన్ నంబరుతో నమోదై ఉన్నారు. చికిత్సలో చనిపోయినట్టు అప్పటికే వ్యవస్థలో నమోదైన 3,446 మంది పేరిట రూ. 6.97 కోట్లు చెల్లించారు. చనిపోయినవారి పేరిట వచ్చే క్లెయిమును కంప్యూటరే పట్టుకోగలదు. బతికి ఉన్న మనిషి, నిజంగా ఆసుపత్రికి వచ్చి, నిజంగా వేలిముద్ర వేసి, మూడు రోజులు మంచం మీద పడుకుని, కాగితం మీద మాత్రమే ఆపరేషన్ చేయించుకుంటే దాన్ని పట్టుకోవడం ఎలా అన్నదే ఈ కేసు.

ఆసుపత్రి ఒక మధ్యస్థాయి పట్టణంలో ఉంది. యాభై పడకలకు కాస్త అటూ ఇటూ. డయాలసిస్ విభాగం ఉంది, అది బాగా నడుస్తుంది. ఈ సంగతి చివర్లో అవసరమవుతుంది.

మొదట కనిపించింది

మూత్రనాళంలోని రాళ్లను గొట్టం ద్వారా తీసే ఆపరేషన్‌కు క్లెయిము పంపేటప్పుడు, రాయి ఉన్నట్టు ముందు ఎక్స్‌రే, రాయి తీసి డీజే స్టెంట్ అమర్చినట్టు తరువాతి ఎక్స్‌రే జతచేయాలి. స్టెంట్ అంటే కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా వెళ్లే సన్నని మెత్తటి గొట్టం. రెండు చివర్లూ పందితోకలా చుట్టుకుని ఉంటాయి. పల్లెల్లో దాన్ని పైపు అంటారు. ఈ ఆపరేషన్‌కు పైకి కోత ఉండదు, కుట్లు ఉండవు. డిశ్చార్జి ఫొటోలో చూపడానికి మచ్చ ఉండదు. ఈ ప్యాకేజీ మోసానికి అనువుగా ఉండడానికి అసలు కారణం అదే.

ఒక మధ్యాహ్నం ఒక స్త్రీ పేరిట వచ్చిన స్టెంట్ ఎక్స్‌రే చూస్తున్నాను. తుంటి ఎముకకు కొంచెం పైన, గుండ్రంగా, మధ్యలో రంధ్రంతో చిన్న లోహపు బిళ్ళ నీడ ఉంది. దాని పక్కన సన్నటి గొట్టంలాంటి తాయెత్తు. మొలతాడు. మా వైపు పెద్ద వయసు స్త్రీలు మొలతాడు కట్టడం అరుదు. అయినా అసాధ్యం కాదు కదా అని పక్కన పెట్టబోయాను. కానీ ఆ బిళ్ళను నేను అంతకుముందు వారం చూశానన్న అనుమానం వదల్లేదు. వెనక్కి వెళ్లి ఆ ఆసుపత్రి పంపిన స్టెంట్ ఎక్స్‌రేలన్నీ వరుసగా తెరిచాను. ఏడుగురి ఎక్స్‌రేలలో అదే బిళ్ళ, అదే తాయెత్తు. కొన్నింటిలో అంచులు కత్తిరించారు, కొన్నింటిలో వెలుగు పెంచారు. రెండింటిని ఎడమ కుడి తిప్పేశారు. ఎడమ వైపు రాయి కావలసి వచ్చి తిప్పినవాళ్లు పక్క సూచించే అక్షరాన్ని కూడా మార్చి అతికించారు గానీ, కాలేయం నీడ కుడి నుంచి ఎడమకు వచ్చేసిందని గమనించలేదు.

చేసి విఫలమైనవి

నేను వెంటనే చేసింది షోకాజ్ నోటీసు పంపడం. ఏడు క్లెయిముల సంఖ్యలూ, ఎక్స్‌రేలూ జతచేసి, వారం రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని రాశాను. నియమాల ప్రకారం అది సరైన పనే. ఆరోపణ చేసేటప్పుడు ఆధారం చూపాలి. కానీ వరుస తప్పింది. సమాధానం గడువుకు రెండు రోజుల ముందే వచ్చింది. టెక్నీషియన్ అజాగ్రత్త వల్ల ఫైళ్లు తారుమారయ్యాయనీ, అతన్ని ఉద్యోగం నుంచి తీసేశామనీ రాసి, ఏడుగురికీ ‘సరైన’ ఎక్స్‌రేలు, రోగుల అఫిడవిట్లు జతచేశారు. ఎక్స్‌రే యంత్రంలోని అసలు డేటా ఇవ్వమంటే, హార్డ్ డిస్క్ పాడైతే మార్చామని మరమ్మతు బిల్లు చూపారు. నోటీసుకు ముందే ఒక మనిషిని పంపి ఆ డేటా కాపీ తీసుకుని ఉంటే కేసు అక్కడే తేలిపోయేది. మనం దేన్ని చూస్తున్నామో నోటీసు వాళ్లకు చెప్పేసింది. ఆ తరువాత వచ్చిన ఏ ఎక్స్‌రేలోనూ మొలతాడు లేదు.

రెండోది ఆకస్మిక తనిఖీ. మేము వెళ్లేసరికి వార్డులు నిండుగా ఉన్నాయి, యూరాలజిస్టు (మూత్రకోశ వైద్యుడు) గదిలో ఉన్నారు, రిజిస్టర్లు అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. ఏ రోగిని అడిగినా ‘బాగా చూసుకుంటున్నారు సార్’ అనే జవాబే. కబురు ముందే అందిందని మా జట్టులో అందరూ అన్నారు. అది నిజం కావచ్చు. జిల్లా కేంద్రంలో కారు మాట్లాడినప్పుడే అక్కడ ఫోన్ మోగి ఉంటుంది. కానీ కబురు అందకపోయినా ఆ తనిఖీ విఫలమయ్యేదే అని తరువాత నాకు అర్థమైంది. తనిఖీకి ఈ రోజు మాత్రమే కనిపిస్తుంది. మోసం నిన్నటి కాగితాల్లో ఉంది. పైగా రోగులు నిజంగా మంచాల మీద ఉన్నారు. వాళ్ల వేలిముద్రలు సరైనవే, ఫొటోలు సరైనవే. మనిషి అక్కడ ఉన్నాడని చెప్పే సాంకేతికతను మనిషికి చికిత్స జరిగిందని చెప్పే సాక్ష్యంగా మేం ఇన్నాళ్లూ పొరబడుతున్నాం.

మూడోది కాల్ సెంటర్ నుంచి ఫోన్లు చేయించడం. అందరూ సంతృప్తి చెందినవారే. అయితే జాబితాలో ఒకే నంబరు నాలుగైదు పేర్లకు ఎదురుగా ఉంది. కొన్ని కాల్స్ రికార్డింగులు విన్నాను. పేర్లు మారుతున్నాయి, గొంతు మారడం లేదు. ఊళ్లలో ఉచిత వైద్య శిబిరాలు పెట్టి, వ్యాన్‌లో జనాన్ని తీసుకొచ్చే ఒక మధ్యవర్తి గొంతు అది.

మరో దారి వెతకడం

ఇక్కడ నేను కొన్నాళ్లు ఆగాను. ఆసుపత్రి తయారుచేసే ఏ కాగితమైనా ఆసుపత్రి దిద్దగలదు. కాబట్టి నాకు కావలసింది ఆసుపత్రి చేతిలో లేని పుస్తకం. ఒక ఆపరేషన్ జరిగితే అది ఎవరెవరి పుస్తకాల్లో గుర్తు వదులుతుంది? ఈ ప్రశ్నను ఒక కాగితం మీద రాసుకుని, వచ్చిన జవాబులను ఒక్కొక్కటిగా కొట్టేస్తూ వెళ్లాను.

స్టెంట్లు అమ్మే డీలరు బిల్లులు మొదట తట్టాయి. కొన్న స్టెంట్లు, అమర్చినట్టు చూపిన స్టెంట్లు లెక్క కలవాలి. కలవలేదు. కానీ డీలరు ఆసుపత్రికి రోజూ సరుకు వేసేవాడు. అడిగిన నెలకు పాత తేదీతో ఇంకో బిల్లు పుట్టవచ్చు. ఆ లెక్క అనుమానాన్ని బలపరుస్తుంది గానీ విచారణలో నిలబడదు. ఆపరేషన్ థియేటర్ రిజిస్టరు ఆసుపత్రిదే. ఆరోగ్యమిత్ర వార్డు దాకా వెళ్తుంది గానీ థియేటర్ లోపలికి వెళ్లదు. ఆమెను నిలదీయమని కొందరు సలహా ఇచ్చారు. ఆమె చూడని దానికి ఆమెను బాధ్యురాలిని చేస్తే, మాకు తెలిసిన మొదటి మనిషి మా చేతుల్లోనే శత్రువవుతుంది. వద్దన్నాను.

చివరకు మిగిలింది మత్తు వైద్యుడు. జిల్లా పట్టణాల్లో మత్తు వైద్యులు చాలామంది ఒక ఆసుపత్రికి కట్టుబడి ఉండరు. పొద్దున ఒక చోట సిజేరియన్, మధ్యాహ్నం ఇంకో చోట హెర్నియా, సాయంత్రం మరో ఊళ్లో ఎముక ఆపరేషన్. కేసుకు ఇంత అని ఆసుపత్రులు నెలాఖరున చెల్లిస్తాయి. ఈ ఆసుపత్రి క్లెయిముల్లో ఉన్న మత్తు వైద్యుడి రిజిస్ట్రేషన్ నంబరుతో పథకం మొత్తం డేటాను వెతికిస్తే, ఈ ఆసుపత్రిలో వెన్నుకు మత్తు ఇచ్చినట్టు రాసిన గంటలోనే వంద కిలోమీటర్ల దూరంలో మరో ఆసుపత్రిలో ఇంకో రోగికి మత్తు ఇచ్చినట్టు ఉంది. ఒకసారి కాదు.

ఆయన్ని నిందితుడిగా పిలవాలా, సాక్షిగా పిలవాలా అన్నది చిన్న ప్రశ్న కాదు. ఆయన కూడా భాగస్వామి అయితే ముందే హెచ్చరించినట్టవుతుంది. నేను డబ్బు వైపు నుంచి ఆలోచించాను. ఆయనకు ప్రతి కేసుకూ రుసుము రావాలి. చేయని కేసులకు తన పేరు వాడితే, ఆ రుసుము ఆయనకు అందకపోతే, ఆయన మోసపోయినవాడే. మామూలుగా మాట్లాడదామని పిలిచాను. ఆయన చొక్కా జేబులోంచి మందుల కంపెనీ వాళ్లు ఇచ్చిన చిన్న డైరీ తీశారు. ప్రతి రోజుకూ ఆసుపత్రి పొడి అక్షరాలు, రోగి ఇంటిపేరు, మత్తు రకం, రావలసిన రుసుము, అది అందిన రోజు ఒక టిక్కు. టిక్కు పడని కేసుల చుట్టూ ఎర్ర సిరాతో సున్నా. నా దగ్గరున్న జాబితాలోని పేర్లు ఒక్కొక్కటే చదువుతుంటే ఆయన పేజీలు తిప్పుతూ, ‘లేదు... లేదు... ఇది ఉంది... లేదు’ అన్నారు. నాలుగో ‘లేదు’ దగ్గర ఆయన గొంతు మారింది. తన బాకీ వసూలు కోసం రాసుకున్న పుస్తకం గనుక అందులో ఒక్క పేరు అదనంగా గానీ, తక్కువగా గానీ ఉండే అవకాశం లేదు. ఆ తరువాత ఏ కేసులోనైనా నేను ముందు వెతికేది, ఎవరైనా తమ సొంత డబ్బు కోసం రాసుకున్న పుస్తకం.

ఊళ్లకు వెళ్లడం

డైరీ ఆపరేషన్ జరగలేదని చెబుతుంది; రోగి ఒంట్లో ఏముందో చెప్పదు. దానికి నేను పట్టుకున్న సూత్రం చాలా సరళమైనది: వేసిన స్టెంట్ తీయాలి. సాధారణంగా కొన్ని వారాల్లో, ఆలస్యమైనా మూడు నెలల లోపు తీసేయాలి, లేకపోతే దాని మీద సున్నంలా పేరుకుని కిడ్నీకి ముప్పు తెస్తుంది. ఈ క్లెయిములన్నీ స్టెంట్ తీసే ఖర్చు కూడా కలిపిన ధరతోనే ఉన్నాయి. తీసినందుకు వేరే డబ్బు రాదు గనుక వేరే క్లెయిమూ ఉండదు. కేస్‌షీటులో ‘స్టెంట్ తొలగించబడింది’ అన్న ఒక్క వాక్యమే సాక్ష్యం.

ఏఎన్ఎంలతో కలిసి ఊళ్లకు వెళ్లాం. ‘మీకు ఆపరేషన్ అయిందా’ అని అడగకూడదని ముందే నిర్ణయించుకున్నాం, ఆ ప్రశ్నకు జవాబు మధ్యవర్తి నేర్పే ఉంటాడు. ఇంటికి వెళ్లి, మంచినీళ్లు తాగి, ‘పైపు తీయించుకోవడానికి మళ్లీ ఎప్పుడు వెళ్లావమ్మా’ అని అడిగాం.

‘పైపా? ఏ పైపు బాబూ?’ అంది ఒక పెద్దావిడ. ‘సెలైను పెట్టారు. ఫొటో తీశారు. మూడు రోజులుంచి వ్యాన్‌లో దింపారు. అన్నం మటుకు బాగానే పెట్టారు.’

రెండో ఊళ్లో జనం తలుపులు వేసుకున్నారు. కారణం ఏఎన్ఎం చెప్పింది. సంతకాలు పెట్టినందుకు రేషన్ కార్డు తీసేస్తారని వాళ్ల భయం. కొందరికి శిబిరం వాళ్లు చేతిలో కొంత డబ్బు కూడా పెట్టారు. చట్టం పట్టుకుని చూస్తే డబ్బు తీసుకున్నవాళ్లు కూడా మోసంలో పాలుపంచుకున్నట్టే. నేను పై అధికారులతో మాట్లాడి, రోగులను సాక్షులుగానే చూస్తామని, కార్డుల జోలికి వెళ్లమని రాతపూర్వకంగా తెచ్చాను. దీని మీద విమర్శ వచ్చింది. అయినా ఇప్పుడు అడిగినా అదే చేస్తాను. కార్డు పోతుందన్న భయం ఉన్నంతకాలం ఆ భయం ఆసుపత్రికే కాపలా కాస్తుంది. ఆ కాగితం చూపిన తరువాత వాళ్లే పక్క ఇళ్లవాళ్లను పిలిచారు.

ఒప్పుకున్నవారికి దగ్గరలోని ఏరియా ఆసుపత్రిలో అల్ట్రాసౌండ్ చేయించాం. ఎక్స్‌రే అవసరమైనవారికే తీయించాం. ఫలితాలు మూడు రకాలుగా చీలాయి. చాలామందికి ఏ ఆపరేషనూ జరగలేదు. కొందరికి నిజంగానే జరిగింది, అవసరంగానే జరిగింది. మూడో గుంపులో ఆపరేషన్ జరిగింది గానీ, పాత నివేదికల ప్రకారం రాయి నీళ్లూ మందులతో పడిపోయేంత చిన్నది. అయిదు మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి.

ఈ మూడింటినీ విడదీయకపోవడం నా రెండో పెద్ద పొరపాటు. మొదటి నివేదికలో అన్నీ కలిపి రాశాను. ఆసుపత్రి తరఫు న్యాయవాది నిజంగా ఆపరేషన్ జరిగిన ఇద్దరిని కమిటీ ముందు నిలబెట్టి, ‘వీళ్లు కూడా నకిలీలేనా’ అని అడిగారు. ఆ రోజు మా పరువు పోయింది. మూడో గుంపు విషయంలో ఇద్దరు యూరాలజిస్టులు మూడు అభిప్రాయాలు చెప్పగలరు. అది వైద్య నిర్ణయం మీద తగాదా, దొంగతనం మీద కాదు. నివేదిక వెనక్కి తీసుకుని, డైరీ, స్కాన్, వాంగ్మూలం మూడూ ఒకే మాట చెప్పిన కేసులను మాత్రమే ఉంచి తిరిగి రాశాను. సంఖ్య సగం కంటే తక్కువకు పడిపోయింది. కేసు నిలబడింది.

పైపుతో మిగిలిపోయిన మనిషి

ఆ స్కాన్లలో మేం వెతకనిది ఒకటి దొరికింది. ఒక వ్యవసాయ కూలీకి నిజంగానే రాయి ఉంది, నిజంగానే తీశారు, నిజంగానే స్టెంట్ వేశారు. అది ఇంకా లోపలే ఉంది. ఏడాది దాటింది. పదిహేను రోజులకు రమ్మంటే వెళ్లాడు. డాక్టరుగారు లేరన్నారు. తరువాత కోతలకు వేరే జిల్లా వెళ్లిపోయాడు. మూత్రంలో మంట, నడుం నొప్పి వస్తే వేడి చేసిందనుకుని మజ్జిగ, సబ్జా నీళ్లు తాగుతూ గడిపాడు. కేస్‌షీటులో మాత్రం అందరి షీట్లలో ఉన్నట్టే ‘స్టెంట్ తొలగించబడింది’ అని ఉంది. ఆ వాక్యం మూసగా అన్ని షీట్లలో ముద్రించడం వల్ల ఇతను ఎవరి జాబితాలోనూ లేకుండా పోయాడు.

ముందు వాంగ్మూలం తీసుకుని, ఆధారంగా నమోదు చేసి, ఆ తరువాత చికిత్సకు పంపుదామని మా జట్టులో ఒకరు అన్నారు. ఇంతకంటే బలమైన సాక్ష్యం మాకు లేదు కాబట్టి ఆ మాటలో న్యాయం ఉంది. నేను ఆ సాయంత్రమే అతన్ని ప్రభుత్వ బోధనాసుపత్రికి పంపించాను. పై చివర, కింది చివర రెండూ సున్నంలా గడ్డకట్టి ఉండడంతో రెండు విడతలుగా తీయాల్సి వచ్చింది. తీసిన స్టెంట్‌ను అక్కడి వైద్యులే నమోదు చేసి భద్రపరిచారు. సాక్ష్యం ఎక్కడికీ పోలేదు.

శిక్ష ఎంత, ఎలా

ఆసుపత్రిని నెట్‌వర్క్ నుంచి పూర్తిగా తొలగించాలన్నది చాలామంది అభిప్రాయం. అయితే అక్కడి డయాలసిస్ విభాగానికి పథకం కింద వారానికి మూడుసార్లు వచ్చేవాళ్లున్నారు. మరో కేంద్రం బస్సులో రెండు గంటల దూరం. యూరాలజీ వాళ్లు చేసిన తప్పుకు డయాలసిస్ రోగి బస్సెక్కాల్సి వస్తే శిక్ష పడింది రోగికే. కాబట్టి యూరాలజీ విభాగాన్ని మాత్రమే రద్దు చేయాలని, మోసపూరిత క్లెయిముల సొమ్మును జరిమానాతో కలిపి రావలసిన బిల్లుల్లోంచి మినహాయించాలని, సంతకాలు చేసిన వైద్యుడి విషయం మెడికల్ కౌన్సిల్‌కు, మధ్యవర్తి విషయం పోలీసులకు పంపాలని సిఫారసు చేశాను. కమిటీ ఒప్పుకుంది. చెల్లించమని డిమాండు నోటీసు ఇచ్చి కోర్టుల చుట్టూ తిరగడం కంటే, చెల్లించబోయే దాంట్లోంచి కోసుకోవడం వల్ల సొమ్ము నెలల్లోనే వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. బకాయిలు పేరుకుపోయి నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తామని హెచ్చరించడం, ఆపడం రెండు తెలుగు రాష్ట్రాలలోనూ చూశాం. బిల్లులు నెలల తరబడి ఆలస్యమైనప్పుడు నిజాయితీగా పనిచేసే ఆసుపత్రి అప్పులపాలై పథకం నుంచి తప్పుకుంటుంది. ఖర్చే పెట్టని నకిలీ ఆపరేషన్ల ఆసుపత్రికి ఆలస్యం వల్ల పెద్ద నష్టం లేదు. అది ఎంతకాలమైనా వేచి ఉండగలదు. నిఘా విభాగం ఎంత గట్టిగా పనిచేసినా, చెల్లింపుల విభాగం మెల్లగా నడిస్తే మిగిలేది ఎవరో ఊహించుకోవచ్చు.

తరువాత మారినవి

అనుమానం వచ్చిన చోట నోటీసు కంటే ముందు యంత్రాల అసలు డేటా కాపీ తీసుకోవడం ఇప్పుడు మా విభాగంలో అలవాటైంది. మత్తు వైద్యుల రిజిస్ట్రేషన్ నంబర్లను ఆసుపత్రుల మధ్య సరిపోల్చే వెతుకులాట నెలనెలా నడుస్తుంది. దాంట్లో వచ్చే హెచ్చరికల్లో చాలావరకు గుమాస్తా సమయం తప్పుగా ఎక్కించినవే ఉంటాయి, ఓపికగా జల్లించాలి. కాల్ సెంటర్ ప్రశ్నల నుంచి ‘మీరు సంతృప్తి చెందారా’ అన్నది తీసేశాం. ఒకే నంబరు రెండు కుటుంబాలకు మించి కనిపిస్తే ఫోన్ చేయకుండా ఏఎన్ఎం ఇంటికే వెళ్తుంది.

స్టెంట్ వేసినట్టు క్లెయిము వచ్చిన ప్రతి రోగి పేరూ, మూడు నెలలు దాటినా స్టెంట్ తీసేసినట్టు చూపే ఎక్స్‌రే అందకపోతే, ఏఎన్ఎంల జాబితాలోకి వెళ్తుంది. ఇది మోసాన్ని పట్టుకోవడానికి పెట్టిన ఏర్పాటు. మొదటి నెల జాబితాలో మేం అనుమానించిన ఆసుపత్రులవి కొన్ని పేర్లు మాత్రమే ఉన్నాయి. మిగిలినవి ఏ మచ్చా లేని ఆసుపత్రుల రోగులవి, కొన్ని ప్రభుత్వ ఆసుపత్రులవి కూడా. రమ్మని చెప్పిన రోజు పొలంలోనో, వేరే ఊళ్లోనో ఉండిపోయి, ఎవరూ తిరిగి కబురు చేయనివాళ్లు. ఏఎన్ఎంలు ఇప్పుడు వాళ్లను స్కాన్‌కు పంపిస్తున్నారు.